బోరు నీళ్లు ఉప్పగా మారితే లా స్టూడెంట్ ఏం చెయ్యగలడు

కాలేజీలో జూనియర్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు, అక్కా ఎన్విరాన్‌మెంట్ క్లినిక్‌లో చేరితే ఏం లాభం, కేసులు వాదించనిస్తారా, ఊళ్లమ్మట తిరగడమేనా అని. క్లినిక్ అంటే ఆసుపత్రి కాదు, నీళ్లు, దుమ్ము లాంటి కష్టాలతో వచ్చే జనానికి లా కాలేజీ స్టూడెంట్స్ చట్టపరంగా సాయం చేసే చోటు. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాసేద్దామని కూర్చున్నా. పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. వాదించనివ్వరు. అడ్వకేట్స్ యాక్ట్ 1961 ప్రకారం ఎన్‌రోల్ అయిన వాళ్లకే కోర్టులో నిలబడే హక్కు ఉంది, మనం కోటు వేసుకోలేం, వకాలత్ (క్లయింట్ లాయర్‌కి కేసు అప్పజెప్పే కాగితం) మీద సంతకం పెట్టలేం. అయినా చేరమనే చెప్తా. ఎందుకంటే జనం పడే కష్టం ఒకటి, చట్టం పట్టించుకునే కష్టం ఇంకొకటి. మొదటిదాన్ని రెండోదానిగా మార్చాలంటే తేదీ కావాలి, సర్వే నంబర్ కావాలి, దూరం కావాలి, శాంపిల్ కావాలి, ఆ పని నేర్పే పాఠ్యపుస్తకం నాకైతే కనపడలేదు. క్లినిక్‌లో చేసేది మొత్తం ఆ పనే.

బార్ కౌన్సిల్ 2008 రూల్స్‌లో ప్రాక్టికల్ పేపర్లు తప్పనిసరి చేసింది, డ్రాఫ్టింగ్, ప్రొఫెషనల్ ఎథిక్స్, ఏడీఆర్ (కోర్టు బయట తగాదా తీర్చే పద్ధతులు), మూట్ కోర్టు (ఉత్తుత్తి కోర్టులో వాదన). మూడేళ్ల కోర్సు వాళ్లు కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సు వాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. రికార్డు బుక్కులు నింపి, సీనియర్ దగ్గర సంతకం తెచ్చుకుంటే ఇవన్నీ అయిపోయినట్టే చాలామందికి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ 1987 సెక్షన్ 4 చూడండి, లా కాలేజీల్లో లీగల్ సర్వీసెస్ క్లినిక్కులు పెట్టించాలని, వాటికి దారి చూపించాలని అందులోనే రాసుంది. మా మేడమ్ అది పట్టుకునే మొదలుపెట్టారు. కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్‌కి వచ్చే భూమి తగాదాలు, మెయింటెనెన్స్ కేసుల మధ్యలో నీళ్ల గురించి, దుమ్ము గురించి వచ్చేవి విడిగా తీసి, వాటికోసం శనివారాలు కేటాయించి, నెల్లూరు బార్‌లో ప్రాక్టీస్ చేసే ఒక సీనియర్ సార్‌ని ఒప్పించి తీసుకొచ్చారు. సార్ పైసా తీసుకోరు.

అమెరికాలో ఈ పద్ధతి బాగా ముదిరిందని మేడమ్ చెప్పేవారు. అక్కడ స్టూడెంట్ ప్రాక్టీస్ రూల్స్ ఉంటాయి, లాయర్ పర్యవేక్షణలో స్టూడెంట్సే కోర్టులో మాట్లాడొచ్చు. న్యూ ఆర్లియన్స్‌లో టులేన్ యూనివర్సిటీ ఎన్విరాన్‌మెంటల్ లా క్లినిక్ 1989 నుంచి ఉంది. లూసియానాలో కాన్వెంట్ అనే ఊరి దగ్గర షిన్‌టెక్ కంపెనీ పెట్టాలనుకున్న పీవీసీ ఫ్యాక్టరీ మీద, నల్లజాతి వాళ్లు ఎక్కువగా ఉండే ఆ ఊరి జనం తరఫున వాళ్లు గట్టిగా కొట్లాడారు. ఫలితం రెండు రకాలుగా వచ్చింది. 1998లో కంపెనీ అక్కడ పెట్టే ప్లాన్ మానుకుంది, అదే ఏడాది లూసియానా సుప్రీంకోర్టు స్టూడెంట్ ప్రాక్టీస్ రూల్స్ బిగించింది, క్లినిక్కులు ఎవరి తరఫున పనిచెయ్యొచ్చో పరిమితులు పెట్టింది. అంటే స్టూడెంట్స్ తయారుచేసిన ఫైలు అంత పనిచేసిందన్నమాట. మనకి వాదించే హక్కు లేదు గానీ ఫైలు తయారుచెయ్యొద్దని మనల్ని ఆపే రూల్ ఏదీ లేదు, మేడమ్ ఎప్పుడూ అనే మాట ఇదే.

సరే మన సంగతికొద్దాం. మాకు ముందు వచ్చిన పెద్ద పని ఇందుకూరుపేట మండలంలో ఒక ఊరిది, పేరు రాయను, వాళ్ల వ్యవహారం ఇంకా నడుస్తుంది. నెల్లూరు నుంచి మైపాడు బస్సెక్కితే దారి పొడుగునా మీరూ చూసుంటారు, ఒకప్పుడు వరి కయ్యలున్న చోట ఇప్పుడు రొయ్యల గుంటలు, ఏరేటర్లు తిరగతా నురగ. ఊళ్లో బోర్లన్నీ ఉప్పగా అయిపోయాయని ఆడోళ్లు కంప్లైంట్ పట్టుకొచ్చారు.

అక్కడ ఒక అవ్వ మాతో ఎక్కువ మాట్లాడలేదు. స్టీలు గ్లాసుతో బోరు నీళ్లు పట్టి చేతికిచ్చి "తాగి చూడమ్మా, తర్వాత రాసుకుందువుగాని" అనింది. నోట్లో పోసుకుంటే మింగలేకపోయా. తర్వాత వంటింట్లోకి తీసుకెళ్లి గిన్నెలు చూపించింది, అడుగున తెల్లగా పొర గట్టి ఉండాయి, పీచుతో తోమినా పోదంట. "కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు మే, టీకి పాలు పోస్తే ఇరిగిపోతాయి, క్యాన్ నీళ్లు కొనుక్కోవాల, తాగడానికే కొంటామా, పప్పుకీ కొంటామా, గొడ్లకి ఏం పెట్టాల?" అని ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటా పోయింది. మా బ్యాచ్‌లో పొదలకూరు అబ్బాయి ఒకడు అదంతా గబగబా రాసుకున్నాడు, అంతా అయ్యాక సార్ ఆ నోట్‌బుక్ తీసుకుని చదివి ఒకటే ప్రశ్న అడిగారు. ఎప్పటినుంచి?

అందరూ చెప్పింది ఒకటే, ఎప్పట్నుంచో. ఈ మాటతో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌లో (ఎన్జీటీ, పర్యావరణం కేసులు చూసే ప్రత్యేక కోర్టు లాంటిది) పని జరగదు. నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ యాక్ట్ 2010లో సెక్షన్ 14 కింద వెళ్లాలంటే కారణం మొదట పుట్టిన రోజు నుంచి ఆరు నెలల్లోపల వెళ్లాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, అంతే. సెక్షన్ 15 కింద నష్టపరిహారం, పాడైనదాన్ని మళ్లీ బాగుచెయ్యడం లాంటివి అడగాలంటే అయిదేళ్లు. పరీక్షలో ఈ రెండూ రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్లమే అందరం. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి నోటినుంచి ఆ తేదీ రాబట్టడం ఎట్లాగో ఆరోజు సార్ చేసి చూపించారు. నెల, ఏడు అడగలేదు. పెన్నా పొంగి పడుగుపాడు కాడ రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు నీళ్లు ఎట్లున్నాయి అవ్వా అన్నారు. బాగానే ఉండాయి, అప్పుడు బోరు నీళ్లే తాగినాం అనింది. అది 2021 నవంబర్. మిచౌంగ్ తుఫాను అప్పుడో? అప్పటికే ఉప్పగిల్లినాయి, తుఫానుకి కరెంటు పోయి క్యాన్లు రాక అల్లాడినాం అనింది. అది 2023 డిసెంబర్. అంటే ఈ రెండింటి మధ్యలో మారింది. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి ఇదే పద్ధతిలో అడిగాం, ఎవరింట్లో పెళ్లప్పుడు, ఎవరి మనవడు పుట్టినప్పుడు, ఏ సంక్రాంతికి ముందు అని. బోరు లోతు ఎంత, ఎప్పుడు వేశారు, పాత బోరు వదిలేసి కొత్తది ఎందుకు వేశారు, ఇవన్నీ ఒక పట్టికలోకి ఎక్కించాం. మ్యాప్ మీద పెట్టి చూస్తే గుంటలకి దగ్గరున్న బోర్లు ముందు పాడై, దూరంగా ఉన్నవి తర్వాత పాడయ్యాయని వరసగా కనపడింది. శాటిలైట్ పాత ఫొటోల్లో ఏ గుంట ఏ ఏడాది తవ్వారో ఇంచుమించుగా తెలుస్తుంది, దాన్ని పక్కన పెట్టాం. ఎవరి ఉపన్యాసం కన్నా ఈ పట్టికే ఆ ఊరికి ఎక్కువ ఉపయోగపడుతుందని నా గట్టి నమ్మకం.

శాంపిల్ సంగతి కూడా వివరంగా చెప్పాలి, దీనిమీద మనోళ్లలో చాలా అపోహ ఉంది. బాటిల్లో నీళ్లు పట్టుకుని ల్యాబ్‌కి ఇచ్చి రిపోర్టు తెచ్చుకుంటే గెలిచేసినట్టే అనుకుంటారు. వాటర్ యాక్ట్ 1974 సెక్షన్ 21 తీసి చదవండి. బయటికి వదిలే వ్యర్థ జలాల శాంపిల్ అయితే పొల్యూషన్ కంట్రోల్ బోర్డు అధికారి అక్కడున్న యజమానికి నోటీసు ఇవ్వాలి, అతని ఎదుటే శాంపిల్‌ని రెండు భాగాలు చెయ్యాలి, సీల్ వెయ్యాలి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాలి. ఈ పద్ధతి తప్పితే ఆ రిపోర్టు సాక్ష్యంగా చెల్లదని అదే సెక్షన్‌లో ఉంది. మరి మనం పట్టిన బాటిల్ దేనికి? బోర్డుని కదిలించడానికి. తాగే నీళ్లకి ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకి 500 మిల్లీగ్రాములు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. క్లోరైడ్ అయితే 250, తప్పనిసరైతే 1000. టీడీఎస్ చూసే మా చేతి మీటర్‌లో చాలా బోర్లు ఆ 2000 హద్దు కూడా దాటేశాయి. ఆ రీడింగులు, తేదీ, టైము, బోరు ఎక్కడుందో లొకేషన్, మీటర్ పట్టుకున్న వాళ్ల పేరు, అన్నీ కలిపి రిప్రజెంటేషన్‌కి (అధికారులకిచ్చే వినతిపత్రం) జతచేస్తే అధికారులు వచ్చి చూడక తప్పని పరిస్థితి వస్తుంది. మా మీటర్‌తో కేసు గెలవం, నిజమే, కానీ అది లేకపోతే కేసు మొదలే కాదు.

లా రీసెర్చ్‌లో నన్ను కుదిపేసింది ఒకటుంది. రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఎస్.జగన్నాథ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, 1996 డిసెంబర్ 11, జస్టిస్ కుల్‌దీప్ సింగ్ బెంచ్. క్లాసులో దాన్ని తమిళనాడు గ్రామస్వరాజ్య ఉద్యమం వాళ్ల కేసు అని రెండు లైన్లలో చెప్పేస్తారు. పూర్తి తీర్పు కూర్చుని చదివితే అందులో మన నెల్లూరు జిల్లా మత్స్యకార గ్రామం ఒకటి కనపడింది. చెరువుల వల్ల భూగర్భ జలం ఉప్పగా మారి 600 మందికి తాగునీళ్లు లేకుండా పోయాయని, ఆడవాళ్లు గొడవ చేశాక ట్యాంకర్లు పంపారని. ఇన్నేళ్ల తర్వాత అదే జిల్లాలో అవే మాటలు అవ్వ నోట విని వచ్చాం మేం. ఆ పేజీ నోటీస్ బోర్డులో పెట్టించారు మేడమ్.

కానీ ఆ తీర్పొక్కటే పట్టుకుని పరిగెత్తితే బోల్తా పడతాం. సీఆర్‌జెడ్ (సముద్రతీరం వెంట ఆంక్షలున్న ప్రాంతం) లోపల రొయ్యల చెరువులు వద్దని, ఉన్నవి 1997 మార్చి 31 లోపల తీసెయ్యమని ఆ తీర్పు చెప్పింది, సంప్రదాయ పద్ధతుల్లో పెంచేవాటిని మాత్రం వదిలింది. తర్వాత పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ యాక్ట్ 2005 తెచ్చి లెక్క మార్చింది. ఆటుపోటు పైగీత (పోటు వచ్చినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల లోపల వద్దు, మిగతాచోట చెన్నైలో ఉన్న అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకుంటే చేసుకోవచ్చు అని. 2023లో మళ్లీ సవరణ, రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల్లాంటి వాటికి సీఆర్‌జెడ్ లోపల కూడా దారి తెరిచారు, జైలు శిక్ష తీసేసి జరిమానాలు పెట్టారు. పైగా ఆ చట్టం వర్తించేది సముద్రం, నది, ఉప్పుటేరు, బ్యాక్ వాటర్స్ పైగీతల నుంచి రెండు కిలోమీటర్ల లోపలే. అది దాటితే రాష్ట్రం తెచ్చిన ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ యాక్ట్ 2020 చూసుకోవాలి. అందుకే ముందు చెయ్యాల్సింది ఆర్గ్యుమెంట్ రాయడం కాదు, దూరం కొలవడం. ఎఫ్ఎంబీ స్కెచ్ (పొలాల కొలతల పటం), అడంగల్ (ఏ పొలం ఎవరిది, ఏం వేశారు అని రాసే రెవెన్యూ రికార్డు) తీసి ఏ సర్వే నంబర్‌లో ఏ గుంట ఉందో రాసుకోవడం.

సర్వే నంబర్ చేతికొచ్చాక ఆర్టీఐ వెయ్యడం సులువు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో ఫీజే లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లా ఆఫీసుల్లో 10. ఫలానా సర్వే నంబర్లలో గుంటలకి రిజిస్ట్రేషన్ ఉందా, ఉంటే కాపీ ఇవ్వండి, ఆఖరి తనిఖీ ఎప్పుడు చేశారు, ఇంతే అడగాలి. ఎందుకు చర్యలు తీసుకోలేదు అని అడగొద్దు, దానికి జవాబు రాదు, ఆర్టీఐ కింద కాగితం అడగాలిగానీ సంజాయిషీ కాదు. ఒక ఆఫీసు 30 రోజులు దాటినా పలకలేదు, అప్పీలు వేశాం, అప్పీలు డ్రాఫ్ట్ మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఒక్కపేజీలో రాసింది, సార్ ఒక్క కామా కూడా మార్చలేదు.

ఇక్కడిదాకా చదివి గుంటలోళ్లంతా దుర్మార్గులు అనుకుంటే పొరపాటు. అవ్వ చిన్నకొడుకు ఆ గుంటల దగ్గరే రాత్రి కాపలా. ఆమె మరిదికి సొంతంగా ఒక గుంట ఉంది, మిగతాది కౌలు. ఆయన మా దగ్గరికొచ్చి కూర్చుని చెప్పాడు, "ఏమ్మా, వరి ఏస్తే మిగిలేదేంది చెప్పు? వైట్ స్పాట్ తెగులు తగిల్తే ఒక్క రాత్రిలో గుంటంతా పోద్ది, మేతరేటు చూస్తుండారు గదా, పోయినేడు అమెరికావోడు 50 శాతం టారిఫ్ ఏస్తే రొయ్యల కౌంటు రేటు పడిపోయి అప్పులు మిగిలినాయి, ఇప్పుడు మీరు మూయించేస్తే మేమేం దిని బతకాల?" ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? మాలో మాకు పెద్ద చర్చ జరిగింది ఆ సాయంత్రం, మన క్లయింట్ ఎవరు అని. ఊరా, అవ్వా, కంప్లైంట్ మీద వేలిముద్రలు వేసిన ఆడోళ్లా? ప్రొఫెషనల్ ఎథిక్స్ పేపర్ మళ్లీ తీసి చదివాం. వచ్చిన ఆడోళ్లే క్లయింట్లు, వాళ్లకి కావాల్సింది వాళ్లని అడిగే రాయాలి, మన ఆవేశం రాయకూడదు అని తేల్చారు మేడమ్. అడిగితే వాళ్లెవరూ గుంటలు పూడ్చమనలేదు. తాగేనీళ్లు ఇప్పించండి, గుంట నీళ్లు మా డ్రెయిన్‌లోకి వదలకుండా చూడండి, కొత్తవి తవ్వనీయొద్దు, ఈ మూడే అడిగారు. రిప్రజెంటేషన్‌లో ఈ మూడే రాశాం.

చట్టంలో నాకు అస్సలు మింగుడుపడనిది కూడా అప్పుడే తెలిసింది. కోస్టల్ ఆక్వాకల్చర్ గైడ్‌లైన్స్ ప్రకారం వ్యర్థ జలాల శుద్ధి ఏర్పాటు తప్పనిసరి 5 హెక్టార్లు, ఆపైన ఉన్న ఫారాలకే. ఈ ఊళ్లో పెద్ద ఫారం ఒక్కటీ లేదు. అన్నీ రెండెకరాలు, మూడెకరాలు, గట్టుకి గట్టు ఆనుకుని. అన్నీ కలిపితే ఎంతవుద్దో మీరే ఊహించుకోండి, అన్నింటి నీళ్లూ ఒకే డ్రెయిన్‌లోకి. ఏ ఒక్కరినీ ఈ రూల్ కింద పట్టుకోలేం. అన్నీ కలిపి లెక్కగట్టి ఉమ్మడిగా ఒక శుద్ధి చెరువు పెట్టించాలి అని మేం రాసిన నోట్‌కి సార్ ఎ.పి. పొల్యూషన్ కంట్రోల్ బోర్డు వర్సెస్ ఎం.వి.నాయుడు, 1999 తీర్పు జతచెయ్యమన్నారు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ దగ్గర ఫ్యాక్టరీ కేసు అది, హాని లేదని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఆ పని చేసేవాళ్లదే అని సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చేవాళ్ల కోసం ఇదొకటి. చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ క్వారీ పబ్లిక్ హియరింగ్‌కి (ఊరి జనం అభిప్రాయం వినే సభ) కూడా వెళ్లాం. ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ 2006 ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు, పేపర్లో ప్రకటన, స్థానిక భాషలో సారాంశం, కలెక్టర్ గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత, మొత్తం వీడియో తియ్యాలి. మేం చేసిన పని చాలా చిన్నది, హియరింగ్‌కి ముందు రచ్చబండ దగ్గర కూర్చుని ఆ తెలుగు సారాంశాన్ని గట్టిగా చదివి, పేలుళ్లు ఏ టైములో, లారీలు ఏ రోడ్డున, తవ్వగా మిగిలిన రాళ్లు ఎక్కడ పోస్తారు అని ఊరివాళ్ల చేత ప్రశ్నలు రాయించాం. మైకు ముందు మాట్లాడింది వాళ్లే. మాట్లాడింది మినిట్స్‌లో ఎక్కిందా లేదా చూసుకుని, రాతపూర్వకంగా కూడా ఇచ్చి రసీదు తీసుకోవాలి, ఈ ఒక్క విషయం మర్చిపోవద్దు.

ఇందుకూరుపేట పని ఎక్కడుందంటే, అధికారులు వచ్చారు, సెక్షన్ 21 పద్ధతిలోనే నోటీసు ఇచ్చి సీలు వేసి శాంపిల్స్ తీసుకున్నారు, మా పొదలకూరు అబ్బాయి పక్కనే నిలబడి ప్రతి అడుగూ రాసుకున్నాడు. ట్యాంకర్ రోజు మార్చి రోజు వస్తుంది. అది చాలదని ఆడోళ్లే అంటున్నారు. రిపోర్టు వచ్చాక చెన్నైలో ఎన్జీటీ సదరన్ బెంచ్‌కి వెళ్లాలా వద్దా అనేది వాళ్లే కూర్చుని తేల్చుకుంటారు, పరిహారం అడక్కుండా వేసే అప్లికేషన్‌కి ఫీజు 1000 రూపాయలే, కానీ తెలుగు కాగితాలన్నింటికీ ఇంగ్లీషు తర్జుమా జతచెయ్యాలి, డ్రాఫ్ట్ మొత్తం సిద్ధంగా ఉంచాం, పేరు పడాల్సింది సార్‌ది.

మా బ్యాచ్ ఈ ఏడాదితో వెళ్లిపోతుంది. ఎండాకాలంలో బోరు రీడింగులు ఆగిపోతే పట్టికలో ఖాళీ పడుద్ది, అవతలి లాయర్ ముందు దాన్నే పట్టుకుంటాడు. కాబట్టి నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి వచ్చే జూనియర్లు ఎవరైనా సరే శనివారం పదింటికి మేడమ్ రూమ్‌కి రండి, మీటర్ వాడటం అరగంటలో వచ్చేస్తుంది. టూ వీలర్ ఉన్నవాళ్లు ఇద్దరు తప్పనిసరిగా కావాలి, బస్సు దిగాక ఊళ్లోకి చాలా దూరం నడవాలి. తెలుగు టైపింగ్ వచ్చినవాళ్లు ముందు పేరిస్తే ఇంకా మంచిది, ఇంటింటి స్టేట్‌మెంట్లు చాలానే టైప్ చెయ్యాల్సి ఉండాయి.